నాలుగు కళ్ల పురుగు

నా చిన్నప్పుడు మేం సూరత్‌లో, బమ్రోలిలో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న మరమగ్గాల కార్ఖానాలో పగటి పాళీకి వెళ్లేవాడు. మా తాతయ్య సొంతూళ్లో ఏళ్ల తరబడి దసలి అనే అడవి పట్టు నేసి, చూపు ఆనక మగ్గం మానేసి మా దగ్గరికి వచ్చాడు.

ఆ వానాకాలం మా రెండేళ్ల తమ్ముడికి జ్వరం పట్టుకుంది. మూడో రోజు పొద్దున వాడు పిలిచినా కళ్లు తెరవలేదు. అమ్మ వాణ్ని భుజాన వేసుకుని దవాఖానాకు బయల్దేరింది. తలుపు తీసి అక్కడే ఆగిపోయింది. ద్వారబంధం మీద జానెడు వెడల్పున ఒక పురుగు రెక్కలు పరుచుకుని ఉంది. ఇటుక రంగు రెక్కలు, దువ్వెన పళ్లలాంటి మీసాలు. రెక్కకొకటి చొప్పున నాలుగు గుండ్రటి కళ్లు మమ్మల్నే చూస్తున్నట్టున్నాయి.

"పానం కోసం వచ్చింది చెల్లె. అది పోయేదాక గడప దాటకు," అంది పక్కింటి పెద్దమ్మ. చెడ్డమనిషి కాదు. రెండు రోజులుగా తమ్ముడి నుదుటి మీద తడిగుడ్డలు మార్చింది ఆమే. అందుకే అమ్మ ఆ మాట కొట్టేయలేక, పిల్లాణ్ని హత్తుకుని గోడవారన కూలబడింది. నాకు ఏడుపొచ్చింది.

తాతయ్య చాప మీంచి లేచి వచ్చాడు. ముఖం దగ్గరగా పెట్టి ఆ పురుగును చూశాడు. మెల్లగా వేలు చాపితే అది వేలెక్కింది. దాన్ని వెలుగుకు ఎత్తి నన్ను పిలిచాడు.

"ఇటు రా బిడ్డా. గీ కంట్లకెల్లి చూడు."

భయపడుతూనే చూశాను. అది కన్ను కాదు. రెక్కలో అద్దంలాంటి పల్చటి పొర. అందులోంచి ఎదురింటి రేకులు కనిపించాయి.

"ఇది మన దసలి పురుగే. దీని గూళ్ల దారంతోనే మన ఇల్లు గడిచింది. దీనికి తినేటందుకు నోరు గూడ లేదు, పానం ఏం దీస్కపోతది? పెద్ద కోడలా, నువ్వు గూడ జర చూడు," అని పక్కింటి పెద్దమ్మకూ చూపించాడు.

ఆమె వంగి చాలాసేపు చూసింది. "అవ్, అద్దమే," అంది చిన్నగా. తర్వాత తనే గొడుగు తెచ్చి అమ్మతో పాటు దవాఖానాకు నడిచింది.

మలేరియా అన్నాడు డాక్టరు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదట. సూదులు, మందులు పడ్డాక నాలుగో రోజు తమ్ముడు బువ్వ అడిగాడు. వాడికి తినిపించి అమ్మ ఆ మధ్యాహ్నం అలాగే నేల మీద ఒరిగి, ఒళ్లు మరిచి నిద్రపోయింది. అమ్మ గురక విని నేనూ తాతయ్యా చప్పుడు కాకుండా నవ్వుకున్నాం.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. పెద్దమ్మను తాతయ్య ఆ రోజు ఒక్క మాటా అనకపోవడం నాకింకా గుర్తే. భయపడ్డవాళ్లను నేనూ కసరను. పక్కన నిలబడి, కలిసి చూద్దాం రమ్మంటాను.