కొర్రమీను మీద ఎర్ర చుక్క

ఆ రోజుల్లో మా కొల్లేటి లంకలో మనిషి ఎక్కడున్నాడో తెలియాలంటే గట్టు మీద నిలబడి గొంతు చించుకోవడమే. నా గొంతు ఇలా బొంగురుపోయింది అందుకే కాబోలు. ఫోన్లు వచ్చాక కూడా ఆ అరుపు మానలేదు, ఫోనులోకి అరిచాం, అంతే తేడా. నాకు చదువు రాదు, పేరు మాత్రం గీస్తాను. నేను చెబుతుంటే ఇదంతా మా బావగారి అమ్మాయి రాస్తోంది (ఇప్పుడు తాడేపల్లిగూడెంలో టీచరు; నవ్వడం ఆపి రాయవే తల్లీ). ఇది ఏడో తరగతిలో ఉండగా మా ఆయన పోయాడు. నేను ఆయన అన్నగారింట్లోనే ఉండిపోయాను. ఆ ఏడాదే మా ఊరి బడిలో ఆయా పని దొరికింది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగుచేసి బడికి తేవాలి. మొగుడు పోయాక నేను తలెత్తుకుని గుమ్మం దాటింది ఆ పని పుణ్యమే.

ఏలూరు నుంచి బస్సులో వచ్చే టీచరమ్మ ఒకరోజు తన పాత ఫోను నా చేతిలో పెట్టింది. అందులో ఒక యాప్ ఉంది. మనమున్న చోట నొక్కి ఫొటో తీస్తే, ఆ చోట ఎర్ర చుక్క పడి, మనతో కలిసిన వాళ్ళందరి ఫోన్లలో కనపడుతుంది. ఊళ్ళో కుర్రకారంతా అప్పటికే అందులో ఉన్నారు. "నాకు అక్షరాలు రావండీ" అన్నాను. "చదవక్కర్లేదమ్మా, నొక్కితే చాలు. నువ్వు తిరిగే చోట్లన్నీ నొక్కు, నువ్వెక్కడున్నావో నాకూ తెలియాలి. పిల్లలు ఒక్కో చుక్క గురించీ రాసి పాఠం చెబుతారు" అంది. ఇక నా చెయ్యి ఆగిందా! మంచినీళ్ళ కుళాయి, పాలకేంద్రం, చర్చి మెట్లు, ఆకివీడు ఆస్పత్రిలో చీటీల వరస, అన్నీ నొక్కాను. మా పెరట్లో తడికల స్నానాల గదిని కూడా నొక్కితే, "అది వద్దులేమ్మా" అని టీచరమ్మ మెల్లగా చెప్పింది.

ఒక ఆదివారం మా తోటికోడలికి జ్వరం. పడవలో నీళ్ళు తోడడానికి బావగారు నన్ను తీసుకెళ్ళాడు. కొల్లేట్లో ఆయన మావులు పెట్టే చోటుంది. మావులంటే వెదురుపుల్లల చేపల బుట్టలు. అవి ఎక్కడ పెట్టారో మావాళ్ళు కన్నతల్లికి కూడా చెప్పరు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. నోటితో చెప్పకూడదనే తెలుసు. బావగారు అటు తిరిగి మావు ఎత్తగానే చేతి పొడుగు కొర్రమీను కనపడింది. తడిచేత్తోనే నొక్కేశాను.

సోమవారం తెల్లారి వెళ్ళేసరికి అక్కడ ఏడు పడవలున్నాయట. ఒక కుర్రాడు ఫోను తీసి నేను పెట్టిన ఎర్ర చుక్క చూపించాడట. ఆయన తిన్నగా బడికొచ్చాడు. తమ్ముడి పెళ్ళాన్ని కదా, నాతో ఎదురుగా మాట్లాడడు; టీచరమ్మతో అన్నాడు: "ఏవండీ, మా నాన్న పోయేముందు నా చెవిలో చెప్పిన చోటండీ అది. మా ఆవిడకీ చెప్పలేదు. రేపట్నించి ఈవిడ బడికి రాదండి." (ఆ ముక్క తెలిసి మా తోటికోడలు వారం రోజులు ఆయనకి ఉప్పులేని పులుసు పోసింది.) నేను తలుపు చాటున చీపురు పట్టుకుని నిలబడ్డాను.

"తప్పు నాదండీ, మీ చోట్ల సంగతి నాకు తెలియదు. ఇదిగో, తీసేశాను చూడండి" అంది టీచరమ్మ.

"ఫోన్లోంచి తీసేశారు. ఆళ్ళ కళ్ళల్లోంచి ఎలా తీస్తారండీ?"

ఆవిడ ఫోను పక్కన పెట్టి, "అసలు అక్కడ చేప ఉంటుందని మీ నాన్నగారికి ఎలా తెలిసిందండీ?" అని అడిగింది. బావగారిని జన్మలో ఎవరూ అడగని మాట అది. కాసేపు గొణిగాడు. తరవాత సుద్దముక్క అందుకున్నాడు. గాలి ఎటు తిరిగితే నీరు ఎటు లాగుతుందో, తుంగ పల్చబడిన చోట లోతెంతో, కొంగ ఎక్కడ వాలితే చేప ఎటు పోతుందో బోర్డు నిండా గీశాడు. భోజనం గంట కొట్టినా పిల్లలు లేవలేదు. చివరికి తనే అనేశాడు, "ఎండలు ముదిరితే అక్కడ మోకాలి లోతుండదు. ఎలాగూ చోటు మార్చాల్సిందే." వెళ్తూ కూతుర్ని పిలిచి నాకు వినపడేలా చెప్పాడు: "మీ పిన్నిని రేపు బడికి వెళ్ళమను. ఆ ఫోను మటుకు పడవెక్కకూడదని చెప్పు."

ఆ బడిలోనే ఇప్పటికీ ఉన్నాను. టీచరమ్మ బదిలీ అయి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆవిడకి నేను దణ్ణం పెట్టేది ఉద్యోగం నిలబెట్టినందుకొక్కటే కాదు. పడవలో తడిచేత్తో గబగబా నొక్కిన ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. మొగుడు పోయిన ఆడది ఎక్కడుందో ఎవరికి కావాలి? నేనెక్కడున్నానో తనకి తెలియాలని అడిగిన మనిషి ఆవిడొక్కతే. అందుకే కాబోలు, స్నానాల గది కూడా వదల్లేదు.