తొట్టిలోకి ఏ నీళ్లు

మా బావిని పాడుచేసింది పర్యావరణ పరిరక్షణే. ఈ మాట అంటే మా చుట్టాలు ముఖం చిట్లిస్తారు. అయినా అంటాను.

కినత్తుకడవు దాటాక కొబ్బరితోటల మధ్య మా ఇల్లు. తోటను ఆనుకుని మా బావ నడిపే కొబ్బరి పీచు పొట్టు కళ్లం ఉంది. నా చిన్నప్పుడు ఆ పొట్టును దారి పక్కన పోసి తగలబెట్టేవాళ్లు. ఇప్పుడది ఓడలెక్కి ఐరోపా పోతోంది. అక్కడివాళ్లు పూలకుండీల కోసం తమ బురదనేలల్లోని నల్లమట్టిని తవ్వేవారట. అలా తవ్వితే భూమి వేడెక్కుతుందని తెలిసి మానుకుంటున్నారు, దానికి బదులు మా పొట్టు కొంటున్నారు. మంచిదే. కాని పొట్టులో ఉప్పుంటుంది. అది పోయేదాకా మంచినీళ్లతో కడిగి కడిగి పంపాలి. ఆ కడుగునీళ్లు మాత్రం ఓడ ఎక్కవు. కళ్లం వెనక గుంతలో ఇంకి మా బావిలోకి వస్తాయి.

అమ్మకు ఆ బావంటే ప్రాణం. ఆ నీళ్లతో కాచిన కాఫీ కోసమే పోదనూరు నుంచి చుట్టాలు వచ్చేవాళ్లని ఆమె గట్టి నమ్మకం. ఇప్పుడు చేద వేస్తే నేరుగా డికాక్షనే పైకొస్తోంది.

ఆమధ్య పొట్టు కొనే విదేశీయులు కొందరు, వాళ్ల వెంట మన అధికారులు కళ్లం చూడటానికి వచ్చారు. రెండు దేశాల సహకారానికి అది ఆదర్శమట. పాత పెంకుటిల్లు ఫోటోల్లో బాగుంటుందని బావ వాళ్లకు భోజనాలు మా ఇంట్లోనే ఏర్పాటు చేశాడు. నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను కనుక, వాళ్ల మాటలు మాకూ మా మాటలు వాళ్లకూ చెప్పే పని నాకు తగిలించాడు.

మావాళ్లలో గడప తొక్కినవాళ్లకు ముందు చెంబుతో నీళ్లిస్తారు, తర్వాతే పలకరింపు. ఆ రోజు బావ వాకిట్లోనే నీళ్ల సీసాలు పేర్పించాడు. అమ్మ ఖాళీ చెంబు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. అది చూసి నా ఒళ్లు మండిపోయింది.

వచ్చినవాళ్లలో ఒక నెరిసిన జుట్టు ఆవిడ ఉంది. మంచి మనిషి, అదే నా ఖర్మ. ఆవిడ బావి దగ్గరికి నడిచి, నీళ్లు ఎలా ఉంటాయో మీ అమ్మగారిని అడగండి అంది. అడిగాను.

"మా నీళ్లకేమి, బాగుండాది. తియ్యగా ఉంటాదని చెప్పు అమ్మిణీ," అంది అమ్మ తల పైకెత్తి. మావైపు ఆడపిల్లను అమ్మిణీ అనే పిలుస్తారు.

అతిథి ముందు మా ఇంట్లో ఫలానాది బాగాలేదనడం అమ్మకు చచ్చేంత సిగ్గు. బావ హమ్మయ్య అనుకోవడం నాకు కనబడింది. ఇక ఆగలేకపోయాను. అమ్మ మాట పక్కన పెట్టి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాను. నీళ్లు టీ రంగుకు తిరిగాయని, ఆవులు కూడా మూతి పెట్టడం లేదని, ఇదంతా మీ పొట్టు కడిగిన పుణ్యమేనని.

ఆవిడ ముఖం మాడిపోయింది. పక్కనున్న పెద్దమనిషి మాత్రం ఎంతో మర్యాదగా, ఒప్పందం పొట్టు శుభ్రత వరకేనని, బావుల సంగతి స్థానిక వ్యవహారమని సెలవిచ్చాడు. మన అధికారి తల ఊపాడు. భూమి అందరిదీ అని పొద్దున మా వాకిట్లో ఉపన్యాసం దంచినవాళ్లు వీళ్లే! నీళ్ల దగ్గరికొచ్చేసరికి హద్దురాళ్లు గుర్తొచ్చాయి.

వెళ్తూ ఆవిడ అమ్మ చేతిలో ఒక సంచి పెట్టింది. పైన ఆకుపచ్చ ఆకు బొమ్మ. లోపల మన పొట్టే, అంత దూరం పోయి ఎరువు కలుపుకుని తిరిగొచ్చింది. అమ్మ మురిసిపోయి దాన్ని పూలతొట్టిలో పోసి కనకాంబరం నాటింది.

కార్లు కదలగానే బావ నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏమి అమ్మిణీ, వచ్చినోళ్ల ముందర మానం తీస్తివే! ఆర్డర్ నిలిపితే కళ్లంలో జనానికి సాపాటు నువ్వు పెడతావా?"

"మీ అత్త బావి నీళ్లు ఒక చెంబు తాగు బావా, ఆమీద మాట్లాడుదాం," అన్నాను. తాగలేదు.

మొన్న బావ నవ్వుకుంటూ మళ్లీ వచ్చాడు. ఆర్డర్ ఖాయమైంది. ఆ నెరిసిన జుట్టు ఆవిడ, తానిచ్చిన మట్టిలో పెరిగిన మొక్క పక్కన అమ్మ ఫోటో కావాలని అడిగిందట.

అమ్మ తొట్టి దగ్గరే ఉంది. కనకాంబరం ఆకుల అంచులు మాడి ముడుచుకున్నాయి. ఆమె చేతిలోని చెంబులో టీ రంగు నీళ్లు.

"కొంచెం నవ్వు అత్తా," అన్నాడు బావ ఫోన్ ఎత్తి.

అమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"ఆయమ్మను ఒక మాట అడుగు అమ్మిణీ. మట్టి ఇచ్చిండారు, సరి. దీనికి ఏ నీళ్లు పొయ్యేది?"

బావ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. మాడిన మొక్కను, ఆ చెంబును ఫోటో తీశాను. కింద అమ్మ మాట ఇంగ్లీషులో రాసి ఆవిడకు పంపాను. ఈసారి ఒక్క ముక్క మార్చలేదు.