మాటల కోసం ఎక్కిన గట్టు

గట్టు అనే మాటకు అర్థం తెలియక నేను ఒకసారి కొండ ఎక్కాను.

మావాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మధిర దగ్గర పొలాలు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. మా ఇంట్లో గట్టు అంటే పొలం గట్టు, లేదా కాలవ గట్టు. ఎనభైల మొదట్లో, మా ఆయనకు కాగితం మిల్లులో ఉద్యోగం కావడంతో సారపాక క్వార్టర్లలో కాపురం పెట్టాం. పక్కింట్లో ఉండేది నా స్నేహితురాలు. ఇల్లెందు బొగ్గుబావిలో పనిచేసే మనిషి కూతురు. నాకంటే రెండేళ్లు చిన్నది కాబట్టి అక్కా అని పిలిచేది.

అప్పటికి మా పాపకు మూడున్నరేళ్లు. అమ్మా అని కూడా అనేది కాదు. ఖమ్మంలో ఒక డాక్టరు దాని ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టి, అది కళ్లార్పేసరికి, వినికిడి బాగానే ఉంది, కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయని పంపేశాడు. అప్పటినుంచి ప్రతి శనివారం గోదావరి వంతెన దాటి భద్రాద్రి రాముడి దగ్గరికి వెళ్లేదాన్ని. దేవుడి మీద కోపం పెంచుకున్నానే గానీ దణ్ణం పెట్టడం మానలేదు. మానేస్తే నా బిడ్డ సంగతి ఆయన మరిచిపోతాడేమోనని భయం.

ఒకరోజు స్నేహితురాలు చెప్పింది.

"చర్ల రోడ్డుకు గట్టు మీద ఒక అమ్మ ఉంటది అక్కా. మాటలు రాని పిల్లల తల్లులు ఆడ గంట కడ్తరు. తల్లే కొట్టాలె, కొట్టుకుంట పిల్లను పేరుపెట్టి పిలవాలె. మా చిన్నమ్మ బిడ్డకు గట్లనే మాటలొచ్చినయి."

ఏ వాగు గట్టు మీదో చిన్న గుడి ఉంటుందనుకున్నాను. పట్టుచీర కట్టుకుని, హవాయి చెప్పులేసుకుని, సీసాడు నీళ్లతో, ఇత్తడి గంటతో, పాపను చంకనేసుకుని స్నేహితురాలి వెంట బయల్దేరాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరతామని ఆయనకు చెప్పాను కూడా.

బస్సు దిగి పోడు చేల మధ్య చాలాసేపు నడిచాం. నా కళ్లు వాగు కోసమే వెతుకుతున్నాయి.

"వాగేదే?" అన్నాను.

"వాగేంది అక్కా?"

"గట్టు అన్నావుగా."

ఆమె చెయ్యెత్తి పైకి చూపించింది. "గదే గట్టు."

"అది కొండ."

"అవ్. గట్టంటే గుట్టనే గద." నా మొహం చూసి విషయం అర్థమై, నవ్వాపుకోలేక కింద కూర్చుండిపోయింది. నాకు నవ్వు రాలేదు. ముందే చెబితే ఈ పట్టుచీరెందుకు కడతానని కసురుకున్నాను.

నవ్వయ్యాక ఆమెకే జంకు పట్టుకుంది. "పిల్లనెత్తుకొని కష్టం అక్కా. వాపస్ పోదాం. ఇంకోపాలి మీ సారును తీసుకొని వద్దాం."

ఆయన రాడని నాకు తెలుసు. ఇలాంటివి ఆయనకు గిట్టవు. ఈరోజు వెనక్కి తిరిగితే నేను మళ్లీ రానని కూడా తెలుసు. కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకున్నాను. పాపను తువ్వాలుతో ఆమె వీపుకు కట్టి ముందు నడిచాను.

కాలిబాట రెండుచోట్ల వెదురుపొదల్లో కలిసిపోయింది. రెండుసార్లూ కిందికి దిగి, మళ్లీ వెతుక్కుని ఎక్కాం. కాలికింద గులకరాళ్లు జారిపోతున్నాయి. సగం దూరంలో నా చెప్పు తెగింది. రెండోదీ విప్పి పారేశాను. అక్కణ్నించి పాపను నేనే ఎత్తుకున్నాను. సీసాలో నీళ్లు దానికే మిగిల్చాం.

స్నేహితురాలు ఒక బండ మీద కూలబడింది. "ఈడ్నే మొక్కుదాం అక్కా. అమ్మకు కనవడ్తది."

"కనపడితే ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకుంది? పైకెళ్లి మొహం మీదే అడుగుతాను," అన్నాను. ఆమె లెంపలేసుకుని, నా తరఫున కూడా క్షమించమని అమ్మను వేడుకుని లేచింది.

పైన గుడి లేదు. ఇప్పచెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి ఉంది. కొమ్మలకు గంటలు, కొన్ని కొత్తవి, కొన్ని చిలుము పట్టినవి. పాపను దింపగానే అది మాకు వీపు పెట్టి కూర్చుని ఎండుటాకులు ఏరుకోసాగింది. నేను దారంతో గంట కట్టాను. రెండు చేతులతో పట్టుకుని, ఒంట్లో ఉన్న కోపమంతా పెట్టి కొట్టాను. కొడుతూ దాని పేరు పెట్టి అరిచాను.

చెట్టు మీది చిలకలు గుంపుగా లేచిపోయాయి. స్నేహితురాలు చెవులు మూసుకుంది. పాప మాత్రం తల తిప్పలేదు.

మళ్లీ కొట్టాను. అది ఇంకో ఆకు తీసుకుంది.

"ఇంకోపాలి కొట్టు అక్కా," అంది స్నేహితురాలు. మూడోసారి ఆమే పాప వెనకాలకెళ్లి గట్టిగా పిలిచింది. ఆమె నీడ ముందు పడ్డాక పాప తలెత్తి చూసి నవ్వింది.

డాక్టరు కొట్టిన చప్పట్లను అది వినలేదు, చూసింది. ఇంట్లో నేను వెనక నుంచి వస్తే తిరిగేది నేల అదురుకే. మూడున్నరేళ్లు నా పక్కలో పడుకున్న బిడ్డకు నా గొంతు తెలియదు.

"అమ్మ మాటలియ్యలే," అని స్నేహితురాలు ఏడ్చింది.

"ఏడవకు. పాపకేమైందో తెలిసింది కదా. రేపు పొద్దున్నే ఖమ్మం పోతాను. అక్కడ కాకపోతే హైదరాబాదు పోతాను," అన్నాను. ఆ రాయి ముందు మోకరిల్లి దణ్ణం పెట్టాను. ఈసారి మాటలు అడగలేదు. పాపకోసం తిరిగే ఓపిక నాకు చాలినంత ఇమ్మని అడిగాను. ఇచ్చేదాకా వదలనని కూడా చెప్పాను.

దిగేటప్పుడు ఎత్తుకుంటానని స్నేహితురాలు ఎన్నిసార్లు చేతులు చాచినా పాపను ఇవ్వలేదు. వారం కిందటే, ఎన్నిసార్లు పిలిచినా పలకవేమే మొండిదానా అంటూ దాని చెంప మీద కొట్టాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. దెబ్బ తిన్నాక కూడా అది ఏడుస్తూ నా పెదాల వంకే చూసింది.