జిలేబి తాత

“రాండి బిడ్డలారా, మడుగు కాడికి! జిలేబీలు తీస్తాం!” అని కిటికీ బయట మగగొంతు వినిపించేసరికి నా చేతిలో దోసె గరిటె ఆగిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషి, మిఠాయి, మడుగు. బి.ఏ. చదివినా నాకున్న భయాలన్నీ ఒక్కసారిగా ఎదురొచ్చాయి.

పిల్లలు బయటే ఆడుకుంటున్నారని గుర్తొచ్చి, గరిటెతోనే ఏటికి పరుగెత్తాను. మేము సత్యవేడు వచ్చి నెలే అయింది. ఎండలకు ఏరు మడుగులుగా మిగిలింది. ఒక పెద్దాయన మోకాళ్ల లోతు నీళ్లలో వల లాగుతున్నాడు. నా పిల్లలిద్దరూ గట్టున గంప పట్టుకుని నిలబడ్డారు.

“జిలేబి ఏది?” అని అరిచాను.

“గంపలో ఉండాది కదమ్మా,” అన్నాడు.

గంపలో నల్లటి చేపలు ఎగురుతున్నాయి. విదేశం నుంచి తెచ్చి చెరువుల్లో వదిలితే ఏట్లోకి దిగిన జాతి. ఈ వైపు దాని పేరే జిలేబి.

“మన పరిగె చేపల గుడ్లన్నీ ఇది మింగేస్తాది. వానలొచ్చేలోగా తీసేయాల. లేకుంటే పరిగెల్ని మర్చిపోవాల్సిందే.”

వలలో పడ్డ ప్రతి చేపనూ అరచేతిలో పెట్టుకుని “నువ్వు యాడిదానివే?” అని అడుగుతున్నాడు. పరిగె అయితే నీళ్లలోకి, జిలేబి అయితే గంపలోకి. చివరికి నా గరిటె చూసి, “మీరు యాడోళ్లమ్మా?” అన్నాడు.

“నెల్లూరు.”

ఆయన గంప వైపు చూశాడు. పిల్లలు పకపకా నవ్వారు.

మర్నాడు పొద్దున వాళ్లకు చెప్పాను: “తెలియనివాళ్లు జిలేబి అంటే, పాకందా, పొలుసులదా అని అడగండి. పాకందైతే ఇంటికి పరుగెత్తి రండి. పొలుసులదైతే నన్నూ పిలవండి, గంప నేను పట్టుకుంటాను.”