వేరు కుంపటి

‘వేరు కుంపటి’ అనే మాట మావాళ్ళలో దాదాపు తిట్టు. అన్నదమ్ములు విడిపోతే చాలు, చిన్నకోడలు వచ్చి వేరు కుంపటి పెట్టించిందంటారు. పెట్టించింది నేనే కాబట్టి ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

సింగపూర్‌లో బావగారి కుటుంబం, మేమూ కొన్నేళ్ళు ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. మాకంటూ ఒకటి అద్దెకు తీసుకున్నాక, అందులోకి మారేదాకా మా ఆయన అన్నగారి మొహం చూడలేక ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవారు. నాకేమో తోడికోడలు ఏమనుకుంటోందోనని బెంగ. నేను అక్కా అని పిలిచే ఆవిడ ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది.

కుదురు లేక ఆ మాటనే తవ్వుతూ కూర్చున్నాను. కుంపటి అంటే బొగ్గులు వేసుకునే చిన్న పొయ్యి, ఎక్కడికంటే అక్కడికి ఎత్తుకుపోవచ్చు. పొయ్యి ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది, కుంపటి మనిషి వెంట వస్తుంది. విడిపోయేవాళ్ళకు దాన్నే ఎందుకు అంటగట్టారో అప్పుడు తెలిసింది. లిటిల్ ఇండియాలో కుంపటి ఉందా అని అడిగితే కొట్లో తమిళాయన “కుముట్టియా?” అన్నాడు. అది వాళ్ళ మాటే అనుకున్నాను. నిఘంటువు చూస్తే మన దగ్గర్నుంచే వెళ్ళిందట. ఇల్లు మారినందుకు ఆ మాటను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

కొత్త ఫ్లాట్‌లో కుంపటి మీద పాలు పొంగిస్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు. “పొగకి అలారం మోగితే పరువు పోద్ది. ఇండక్షన్ మీద కానియ్.”

బావగారూ అక్కా వచ్చారు. పాలు అంచుదాకా లేచాయి. ఒక చుక్క జారిందో లేదో, ఇండక్షన్ కుయ్యిమని ఆగిపోయింది, పొంగు కూలబడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఆగింది. వేరు కుంపటి అచ్చిరాదేమోనని భయపడుతూ మళ్ళీ బటన్ నొక్కబోయాను.

అక్క నన్ను పక్కకు జరిపింది. “బటన్ల మీద పడితే ఆగిపోద్దే. వెనకాల పెట్టాలి.” గిన్నె వెనక్కి జరిపింది. ఈసారి పాలు అన్ని వైపులా పొంగి కారాయి. మగవాళ్ళు హాల్లోకి వెళ్ళారు.

నేనిక ఉండబట్టలేక అడిగేశాను. “అక్కా, నామీద కోపమా?”

ఆవిడ పాలు తుడుస్తూ హాలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “కోపమేంటే. పెద్దకోడల్ని, నేను అడిగితే బాగోదు. నువ్వెప్పుడు కదులుతావా అని ఎన్నాళ్ళనుంచో చూస్తన్నా.”

నా బెంగ తీరిపోయింది. దాని వెనకాలే కోపం కూడా వచ్చింది.