మల్లవ్వ కట్టిన వేపమండలు

పాలమూరు నుంచి వచ్చి, తట్టలు మోసి, మొగుడు పోయాక కూడా అవే తట్టలు మోసి కొడుకును పెంచిన మనిషి మల్లవ్వ. నడుము వంగాక బొంబాయి కామాటిపురాలోని ఇరుకు గదుల చాల్‌లో ఆమెకు మిగిలిన పని మనవల్ని చూసుకోవడం. కోడలు కిష్టమ్మ నాగ్‌పాడాలో అంట్లు తోమడానికి పోతూ, పిల్లల్ని అత్త చేతుల్లో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లేది. అంతకన్నా పెద్ద గౌరవం మల్లవ్వకు బతుకులో దక్కలేదు.

పెద్దవాడు శివరాంకు టీకాలన్నీ కిష్టమ్మే దగ్గరుండి వేయించింది. మొదటి సూదికి వాడి ఒళ్లు కాలింది, తొడ గట్టిపడింది. మర్నాడు లేచి గల్లీలో పరుగులు తీశాడు. తల్లి ఆ సంగతి మరిచిపోయింది. ముసలిదాని మనసులో మాత్రం ఆ జ్వరం దిగలేదు.

చిన్నది గంగ పుట్టాక కిష్టమ్మకు సెలవు దొరకలేదు. "నర్సుబాయి ఇంటికే వస్తది, టీకా సుయి ఏపియ్యి అత్తా" అని చెప్పిపోయింది. టీకాల నర్సు రత్నాబాయి గల్లీలోకి వచ్చిందని తెలియగానే మల్లవ్వ గుమ్మానికి వేపమండలు కట్టింది. అమ్మవారు పోసిన ఇంటి గడప ఎవరూ తొక్కరు కదా! "తగ్గినంక ఏపిద్దాం" అని రత్నాబాయి బయటినుంచే చెప్పి వెళ్లింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మండలే. కోడలు ఇల్లు చేరేలోగా మల్లవ్వ వాటిని విప్పేసేది. "ఏసిందా?" అని కోడలడిగితే "ఆ, ఏసింది" అంది మల్లవ్వ. ఎంత తెలివి! కాల్చనా, ఆ తెలివి.

వానాకాలంలో చాల్‌లో కోరింత దగ్గు పాకింది. శివరాం అదే చాప మీద పడుకున్నాడు, వాడికేమీ కాలేదు. గంగ దగ్గితే ఊపిరి తిరిగేది కాదు, మొహం నీలంగా మారేది. పెద్ద దవాఖానాలో చేర్చినా పిల్ల దక్కలేదు.

పరామర్శకు వచ్చిన రత్నాబాయి కళ్లు తుడుచుకుంది. "నేనెప్పుడొచ్చినా మీ ఇంట్ల అమ్మవారే ఉండె. సుయి పడి ఉంటే పిల్ల నిలుస్తుండెనేమో."

కిష్టమ్మ తలెత్తింది. "మా ఇంట్ల అమ్మవారెప్పుడు పోసింది?"

మల్లవ్వ ఈసారి అబద్ధమాడలేకపోయింది. "పోయలే బిడ్డా. నేనే కట్టిన. జరమొస్తదని బుగులైంది."

కిష్టమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "ఒక్కదినం జరం అత్తా. నేను పని ఇడిసి ఎత్తుకుంటుంటి గదా" అంది. అంతే. తిట్టినా బాగుండేదని మల్లవ్వ గుండెలు అవిసేలా ఏడ్చింది.

తర్వాత కిష్టమ్మకు మళ్లీ కొడుకు పుట్టాడు. పనిచేసే ఇళ్లవాళ్ల తిట్లు పడి మరీ తానే తీసుకెళ్లి టీకాలు వేయించింది. జ్వరం వచ్చింది, పోయింది. అప్పుడు మళ్లీ పనికి బయల్దేరింది. మల్లవ్వ చేతులు చాచింది. కిష్టమ్మ ఆ చేతుల పక్కనుంచే నడిచి, పక్కింటి వెంకటమ్మకు పిల్లవాణ్ణి అప్పగించింది.

"మీ అత్త ఇంట్లనే ఉంది గదనే?" అంది వెంకటమ్మ.

"ఉంది" అంది కిష్టమ్మ.

రెండిళ్లకూ మధ్య ఉన్నది చెక్క గోడే. పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా మల్లవ్వ లేవబోతుంది. మళ్లీ కూర్చుంటుంది.