రాకెట్ హమాలీ

ఎనుమాముల మార్కెట్ల అబ్బాస్ భాయ్, నేను ముప్పై ఏండ్ల సంది పక్కపక్కనే మిర్చి బస్తాలు మోసినం. బస్తాలు మోసీ మోసీ ఆయన మెడ వెనక కాయగాసి చెక్క లెక్క గట్టిపడ్డది.

ఆయన బిడ్డ ఆఫ్రీన్ మడికొండల ఒక కంపెనీల పనిచేస్తది. ఉపగ్రహాలకు కరెంటిచ్చే సోలార్ రేకులు చేస్తరు అక్కడ. మన ఇండ్ల మీది అద్దాల పలకలు కావవి. ఉల్లిపొరంత పల్చగుంటయి, చాప లెక్క చుట్టి పంపితే పైకి పోయినంక విప్పుకుంటయి.

మొన్న పనికిరాదని పక్కకు పెట్టిన ముక్కొకటి అడిగి ఇంటికి తెచ్చింది. అబ్బాస్ భాయ్ దాన్ని అరచేతిల పెట్టుకొని నవ్విండు.

"బరువే తెలుస్తలేదు. గీ దాన్ని చెయ్యనీకి కంపెనీల గంతమంది ఎందుకే?"

ఆఫ్రీన్‌కు కోపమొచ్చింది. "ఆ బరువు తగ్గించనీకే మేం చస్తున్నం అబ్బా! మోసుకపోయేది రాకెట్. జిగురు జర ఎక్కువ పడ్డా దానికి బరువే."

ఆయన చెయ్యి మెల్లగ మెడ వెనక్కి పోయింది.

"అంటే, రాకెట్ గూడ హమాలీయేనా?"

"ఔ అబ్బా."

తెల్లారి మార్కెట్ల భాయ్ నాకు ఈ ముచ్చట చెప్తుంటే గుమాస్తా ఇని ఎక్కిరిచ్చిండు. "ఏం అబ్బాస్, నువ్వు బస్తాలు మోస్తివి, నీ బిడ్డ కాయితమంత రేకు మోస్తాందట?"

వాని అంగి గల్లా పట్టుకుందామని నేను లేచిన. అబ్బాస్ భాయ్ నన్ను ఆపిండు. వీపు మీద బస్తా అట్లనే ఉంది, తలకాయ మాత్రం పైకెత్తిండు.

"మోస్తలేదు సారూ. నా బిడ్డ హమాలీ వీపు మీదికెల్లి బరువు దించుతాంది."